ఆ రెండేళ్లూ యరెలి ఎక్కడుంది?

నాలుగేళ్ల యరెలిని వాళ్లమ్మ ఆరేలియా చంకనేసుకుని కాగితాల్లేకుండా సరిహద్దు దాటించింది. ఇప్పుడా పిల్లకి పందొమ్మిది. ఈ పదిహేనేళ్లలో వాట్సన్‌విల్ ఊరి పొలిమేర దాటిన పాపాన పోలేదు.

ఆ ఎండాకాలం ప్రభుత్వం చిన్న దారి తెరిచింది. చిన్నప్పుడు పెద్దవాళ్ల వెంట వచ్చినవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే రెండేళ్లపాటు దేశం నుంచి పంపెయ్యరు, సొంత పేరుతో పని చేసుకోనిస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా గత ఐదేళ్లూ ఇక్కడే ఉన్నట్టు రుజువు చూపించాలి. తంటా అంతా అక్కడే వచ్చిపడింది.

ఆ ఐదింటిలో మొదటి మూడేళ్లకి బడి కాగితాలున్నాయి. పదిహేడో ఏట యరెలి బడి మానేసి స్ట్రాబెర్రీ తోటలో చేరింది. పనిలోకి రానివ్వాలంటే ప్రభుత్వమిచ్చే పని అనుమతి కార్డుండాలి. కార్డున్న పెద్దమ్మ కూతురు లెటీసియా సరిగ్గా అప్పుడే సరిహద్దుకి అవతల సొంతూరు వహాకాకి తిరిగి వెళ్లిపోతూ తనది ఇచ్చి పోయింది. తోటల్లో అందరూ చేసే పనే అది, ఎవరూ తప్పనుకోరు.

"పేరెవరిదైతే ఏమే, వంగేది నీ నడుమేగా" అంది ఆరేలియా.

అప్పట్నుంచీ జీతం చీటీలు, ఆసుపత్రి చీటీలు అన్నీ లెటీసియా పేరు మీదే. ఆ రెండేళ్లలో యరెలి అని రాసిన కాగితం ఒక్కటంటే ఒక్కటి దొరికింది. పక్కింటి పాప జ్ఞానస్నానానికి బిడ్డ పూచీ తీసుకునే జ్ఞానతల్లిగా నిలబడి చర్చి పుస్తకంలో సొంత పేరు చెప్పింది. దేవుడి ముందు అబద్ధమాడటానికి నోరు రాలేదు మరి.

"ఇది ఒక్క రోజుకే సరిపోతుందమ్మా" అంది ఉచిత న్యాయ సహాయం ఆఫీసులో దరఖాస్తులు చూసే కన్సుయెలో. "జీతం చీటీలేవీ?"

యరెలి ఇచ్చింది. పేరు చూసి కన్సుయెలో వాటిని గబుక్కున బోర్లించేసింది.

"ఇవి పెడితే ఇంకొకరి కార్డుతో పనిచేశానని నువ్వే రాసిచ్చినట్టు. పెట్టకపోతే రెండేళ్లు ఖాళీ. ఏం చెయ్యమనాలో నాకే పాలుపోవట్లేదు తల్లీ. నిన్ను రోజూ చూసినవాళ్లెవరైనా ఉత్తరం రాసిస్తారేమో అడుగు."

రోజూ చూసింది తోటలో మేస్త్రి ఎవరిస్తో; పెద్దాయనని అందరూ మర్యాదగా డాన్ అంటారు. మధ్యాహ్నం లారీ చెక్క మీద కూర్చుని తోర్తియా రొట్టె తింటున్నవాడు, అడగ్గానే చేతులు తుడుచుకుని రాసేశాడు. పైకి చదివాడు కూడా.

"లెటీసియా రెండేళ్లుగా ఒక్క రోజు మానలేదు. జ్వరమొచ్చినా వచ్చింది. ఇంత నిజాయితీ గల పిల్లని నేను చూడలేదు. ఎలా ఉంది?"

"యరెలి అని రాయండి, డాన్. నా అసలు పేరది."

ఆయన కళ్లజోడు తీసేశాడు. "నాకు తెలీదనుకున్నావే పిచ్చిమొహమా? ఇక్కడ సగం మంది సొంత పేర్లతో లేరు. నేనా పేరు రాస్తే రేపు తోట కంపెనీ అందరి కార్డులూ తీసి చూస్తుంది. నలభై మంది పొట్టకొట్టమంటావా?"

"మీకు దణ్ణం పెడతాను."

"వద్దే. నాకే ఏడుపొస్తోంది."

సాయంత్రం సంగతి విని ఆరేలియా నుదురు కొట్టుకుంది. "నిన్ను ఇక్కడికి తెచ్చిందీ నేనే, ఆ కార్డు నీ చేతిలో పెట్టిందీ నేనే." అమ్మ మీద కోపం తెచ్చుకుందామన్నా యరెలికి రాలేదు. ఎవరి మీదా రాలేదు.

మర్నాడు పొద్దున్నే పొగమంచులో కూలీలు వరసగా నిలబడ్డారు. డాన్ ఎవరిస్తో హాజరు పిలుస్తున్నాడు.

"లెటీసియా!"

ఎవరూ పలకలేదు. ఆయన తల ఎత్తకుండానే మళ్లీ పిలిచాడు. వరస బయట పనికోసం వచ్చిన కొత్త ఆడవాళ్లు నలుగురైదుగురు ఆ చోటు ఖాళీ అవుతుందేమోనని ఆశగా చూస్తున్నారు.

"ఉన్నానండీ" అంది యరెలి.