అత్తగారి పాలల్లో తేనె

కాపరానికి వెళ్ళిన మొదటి ఏడు, కొన్ని నెలలపాటు మా అత్తగారి చేత రోజూ తేనె తాగించేను. ఆవిడకి చెప్పకుండా. మందుగా కాదు, మంత్రంగా.

మాది రామచంద్రపురం. నాన్నగారు బళ్ళో మాస్టారు. ఇంటరు పాసవగానే నాకు పెళ్ళి చేసేరు. అత్తవారిది అమలాపురానికి అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. మా ఆయన మండపేటలో ఒక రైసుమిల్లులో పని చేసేవారు. శనివారం సాయంత్రం వచ్చి, సోమవారం మొదటి బస్సుకి వెళ్ళిపోయేవారు. మామగారు అంతకు నాలుగేళ్ళ ముందే పోయేరు. అంచేత మిగతా రోజుల్లో ఇంట్లో అత్తగారూ నేనూ, ఇద్దరమే.

పెద్ద తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటేడు అది. అత్తవారి తోటలో సగానికి పైగా కొబ్బరిచెట్లు పడిపోయేయి. నేను వెళ్ళేసరికి కాండాలు కోసి తీసుకుపోయేరు గానీ మొదళ్ళు నేలలోనే ఉన్నాయి. అత్తగారు రోజూ పొద్దున్నే తోటలోకి వెళ్ళి, ఊరికే నిలబడి వచ్చేవారు. ఆ చెట్లు మామగారూ ఆవిడా కడవలతో నీళ్ళు మోసి పెంచుకున్నవని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ఒకటే, ఆవిడకి నేనంటే గిట్టదని.

నాతో మాట్లాడేవారు కాదు. చెప్పాల్సిందేదైనా ఉంటే పెరట్లో గేదెతో చెప్పేవారు. "పులుసులో ఉప్పెంత వెయ్యాలో కూడా నేర్పకుండా పంపించేసింది వీళ్ళమ్మ" అని గడ్డి వేస్తూ దానితో అనేవారు. నేను వండిన కూర గిన్నె మూతైనా తీయకుండా, తనకి వేరే చారు పెట్టుకునేవారు.

అవి భరించేను. ఆ వేసవిలో ఒకరోజు నాన్నగారు నన్ను చూడ్డానికి వచ్చేరు, మూడు బస్సులు మారి, చేతిలో మామిడిపళ్ళ సంచితో. అత్తగారు గదిలోంచి బయటికి రాలేదు. నాన్నగారు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "అక్కయ్యగారికి ఒంట్లో బాలేదా అమ్మా?" అని అడిగేరు.

"ఆయ్, కొంచెం నలతగా ఉందండి" అన్నాను.

అబద్ధమని ఆయనకి తెలుసు. భోంచెయ్యమంటే ఆకలి లేదన్నారు. మూడింటి బస్సుకి వెళ్ళిపోయేరు. నేను రోడ్డు దాకా వెళ్ళి వచ్చి, బోరింగు దగ్గర బిందె పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను.

అక్కడే పక్కింటి పిన్నిగారు నన్ను చూసేరు. యాభై దాటిన మనిషి. చంటిపిల్లలకి దిష్టి తీయాలన్నా, పాలివ్వని గేదెకి మంత్రించిన తాడు కట్టాలన్నా ఆ వీధిలో అందరూ ఆవిడనే పిలిచేవారు. ఎందుకేడుస్తున్నావని అడగలేదు.

"మీ అత్తగారి పేరు రాయడం వచ్చునా నీకు?" అన్నారు.

"వచ్చండి."

"అయితే తేనెలో పెట్టు. ఆవిడ మనసు నీ వైపు తిరుగుతుంది."

ఎలాగో ఆవిడే చెప్పేరు. శుక్రవారం తలంటుకుని, తమలపాకు మీద పసుపుకొమ్ముతో పేరు రాయాలి. ఆకుని చుట్టి తేనెసీసాలో ముంచాలి. రోజూ పొద్దున్న ఆ తేనె ఒక చుక్క ముందు నా నాలిక మీద వేసుకోవాలి. అది కరిగేదాకా ఆవిడ గురించి చెడ్డమాట మనసులోనైనా అనుకోకూడదు. తర్వాత ఆవిడ తాగే పాలల్లో ఓ చెంచాడు కలపాలి. గ్లాసు నా చేత్తోనే ఇచ్చి, తాగేదాకా అక్కడే ఉండాలి. ఇలా నలభై ఒక్క రోజులు. ఎవరికీ చెప్పకూడదు. మొదటి రోజు కిటికీ గట్టు మీద ఒక చుక్క వేసి చూడాలి, మధ్యాహ్నం లోపు చీమలు వస్తే పని అయినట్టే.

"ఆవిడకి షుగరండీ. పాలల్లో పంచదార కూడా వేసుకోరు" అన్నాను.

"తేనె పంచదారేంటే పిచ్చిదానా? తేనె మందు. ఆయుర్వేదంలో ఏ చూర్ణమైనా తేనెలోనే కదా ఇస్తారు."

నేను ఇంటర్లో బైపీసీ చదివేను. తేనెలో ఏముంటుందో పుస్తకంలో చదివేను, పరీక్షలో రాసేను కూడా. ఆ రోజు అదేదీ గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది. చెంచాడే కదా అనుకున్నాను.

ఆ ఏడు తేనె దొరకడమే కష్టం. గాలివానకి తేనెపట్లన్నీ చెదిరిపోయేయి. పిన్నిగారే ఎవరో కాయలు దింపేవాళ్ళ చేత తెప్పించి, మందుసీసాలో పోసి ఇచ్చేరు. నల్లగా, చిక్కగా ఉంది. శుక్రవారం పేరు రాసి ముంచి, సీసాని బియ్యం డబ్బాలో అడుగుకి దోపేను. కిటికీ గట్టు మీద చుక్క వేసేను. పదింటికల్లా చీమలు బారులు కట్టేయి. తేనె వేస్తే చీమలు రాకపోవడం ఎక్కడుంది? కానీ నేను వాటిని తుడవకుండా, మురిసిపోతూ చూస్తూ నిలబడ్డాను.

అత్తగారు రోజూ తోటలోంచి వచ్చి, వెనక వసారాలో పీట మీద కూర్చుని పాలు తాగేవారు. అంతకుముందు గ్లాసు అక్కడ పెట్టి నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు మంత్రం కోసం అక్కడే స్తంభాన్ని ఆనుకుని నిలబడేదాన్ని. మొదటి రోజు ఆవిడ ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, నా వైపు చూసేరు. మళ్ళీ గ్లాసెత్తి మిగతాది తాగేసేరు.

పది పన్నెండు రోజులు మాటల్లేవు. తర్వాత ఒక పొద్దున్న, గ్లాసు చేతిలో పట్టుకునే, "మీ ఊళ్ళో పడ్డాయా చెట్లు?" అని అడిగేరు. గేదెని కాదు, నన్నే.

"మాకు తోట లేదండి. నాన్నగారి బడి రేకులు ఎగిరిపోయేయి."

"ఎవరికైనా దెబ్బలు తగిలేయా?"

"లేదండి. సెలవిచ్చేసేరు ముందే."

"నయం" అన్నారు.

అంతే. కానీ మర్నాడు ఇంకో రెండు మాటలు, ఆ మర్నాడు ఇంకాసేపు. ఏ చెట్టు ఏ సంవత్సరం నాటేరో, ఏది ఎన్ని గెలలు వేసేదో, గాలి వేసిన రోజు ఒక్కొక్కటీ పడుతున్న చప్పుడు ఈ వసారాలోనే కూర్చుని ఎలా విన్నారో చెప్పేరు. నెల తిరిగేసరికి నన్ను "అమ్మాయ్" అని పిలవడం మొదలుపెట్టేరు. గునపం మీద కాయ ఒలవడం నేర్పేరు. నా కూర వేసుకుని తిన్నారు. ఉప్పు తక్కువైందని నాతోనే అన్నారు. రాఖీ పున్నమికి మా తమ్ముడు వస్తే ఎదురెళ్ళి సంచి అందుకున్నారు.

నలభై ఒక్క రోజులు అయ్యాయి. "ఇంక ఆపెయ్యి, ఫలించింది కదా" అన్నారు పిన్నిగారు. నేను ఆపలేదు. ఆపితే ఆవిడ మళ్ళీ గేదెతో మాట్లాడతారని భయం. సీసా అయిపోతే ఇంకోటి తెప్పించి, పాత ఆకునే అందులోకి మార్చేను. ఒక చెంచా రెండు చెంచాలు చేసేను. ఆవిడ నవ్వితే తేనె నవ్వించిందనుకునేదాన్ని. రోజూ పొద్దున్న ఒక మనిషి పక్కన నిలబడి తన మాట వింటోందని ఆవిడకి మనసు కుదుటపడి ఉండొచ్చన్న ఆలోచన నాకు రానే లేదు.

కార్తీకమాసంలో తోటలో పగిలిన కొబ్బరిచిప్ప ఆవిడ కాలికి గుచ్చుకుంది. చిన్న గాయం. పసుపు అద్దేం. వారమైనా మానలేదు. బొటనవేలు వాచి, పక్క వేలితో సహా నల్లబడింది. శనివారం మా ఆయన వచ్చి చూసి, అప్పటికప్పుడు కారు మాట్లాడి అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళేరు. నేనూ వెళ్ళేను.

రక్తం పరీక్ష చేసి డాక్టరుగారు తల అడ్డంగా ఊపేరు. షుగరు విపరీతంగా ఉందన్నారు. "తీపి ఏమైనా తింటున్నారామ్మా?" అని అత్తగారిని అడిగేరు.

"లేదండి" అన్నారు ఆవిడ.

డాక్టరుగారు నా వైపు తిరిగేరు. "ఇంట్లో వండి పెట్టేది మీరే కదా. ఏం పెడుతున్నారు?"

మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు. "తీపి ఏదీ పెట్టటం లేదండి" అన్నాను.

రెండు వేళ్ళు తీసేసేరు.

బట్టలు తీసుకెళ్ళడానికి ఇంటికి వచ్చినప్పుడు బియ్యం డబ్బాలోంచి సీసా తీసి పెరట్లో గొయ్యి తవ్వి ఒంపేను. ఆకు బయటికి వచ్చింది. విప్పి చూసేను. దాని మీద ఏమీ లేదు. పసుపు ఎప్పుడో కరిగిపోయింది. ఎన్నాళ్ళ కిందటో తెలీదు. మట్టి కప్పి, చెయ్యి కడుక్కుని బస్సెక్కేను.

ఆ తర్వాత ఆవిడకి నేను ఏ లోటూ రానివ్వలేదు. కట్టు మార్చడం, కొలిచి అన్నం పెట్టడం, నెలనెలా పరీక్షకి తీసుకెళ్ళడం. ఊళ్ళో అందరూ కూతురైనా ఇలా చెయ్యదనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఏడెనిమిదేళ్ళు గడిచేయి. మా అమ్మాయి బడికి వెళ్తోంది. ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని అత్తగారి కాలిగోళ్ళు తీస్తున్నాను. గాయమవకుండా నేనే తీసేదాన్ని.

"అమ్మాయ్, వచ్చిన కొత్తలో నాకు పాలల్లో తేనె వేసి ఇచ్చేదానివి కదూ" అన్నారు.

నా చెయ్యి ఆగిపోయింది. "మీకు తెలుసాండీ?"

"నాకు నాలిక లేదూ? మొదటి రోజే తెలిసింది." కాలు ఇంకాస్త ముందుకి చాపేరు. "మీ మామగారు పోయేక నాకింత తీపి పెట్టినవాళ్ళు లేరు. డాక్టరు వద్దన్నాడని నా కొడుకు పండగపూట పాయసం కూడా వంటింట్లో దాక్కుని తినేవాడు, నా ఎదురుగా తింటే నేను బాధపడతానని. నువ్వు పరాయింటి పిల్లవి. నేను నీతో మాట్లాడకపోయినా, నా మీద జాలేసి దొంగతనంగా తెచ్చి పెడుతున్నావని అనుకున్నాను. నాకు భలే సిగ్గేసింది."

"మరి ఆస్పత్రిలో ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే నిన్నంటారు. తాగింది నేను కదా."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. జాలి కాదండీ, మీరంటే భయమూ కోపమూ, మీ మనసు నా చెప్పుచేతల్లో ఉండాలని చేసేనండీ, అని. ఆవిడ నన్నే చూస్తున్నారు, ముఖం నిండా ఇష్టంతో.

"గోరు లోపలికి తగిలిందాండీ?" అన్నాను.

"లేదు, కానియ్యి" అన్నారు.

నిజం చెబితే ఆవిడకున్న ఆ కాస్త తృప్తీ పోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగమే. ఆవిడ అనుకున్న ఆ మంచిపిల్లని వదులుకోవడం నాకే ఇష్టం లేకపోయింది.

తర్వాత నాలుగేళ్ళకి ఆవిడ పోయేరు. కిడ్నీలు పాడయ్యాయన్నారు. నా తేనె వాటా అందులో ఎంతో నేను ఏ డాక్టరునీ అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

సంవత్సరీకం రోజున చుట్టాలందరూ వెళ్ళిపోయేక, మా ఆయనకి మొత్తం చెప్పేను. పిన్నిగారి దగ్గర్నుంచి ఆస్పత్రి దాకా, గోళ్ళు తీసిన మధ్యాహ్నం దాకా. ఆయన కండువా ఒళ్ళో పెట్టుకుని విన్నారు.

"అమ్మకి చెప్పాల్సింది నాకు చెప్పేవు" అన్నారు చివరికి. కోపంగా కాదు. లేచి, కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్ళేరు.

నేను విస్తళ్ళు ఎత్తి, వసారా కడిగేను. దీపాలు పెట్టే వేళకి ఆయన వచ్చి కాఫీ అడిగేరు. ఇచ్చేను. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించేరు, అంతకుముందెప్పుడూ చెయ్యని పని. ఆ సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు.