గొంతులో దీపం

యానాం పక్కన మా దరియాలతిప్పలో మా ఈడు ఆడవాళ్లం చాలామందిమి అడ్డపొగ కాల్చేవాళ్లం. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడమన్నమాట. నెత్తిన చేపల తట్ట ఉన్నా గాలికి నిప్పు ఆరదు, తట్టలో బూడిద రాలదు. అందులో సిగ్గుపడాల్సిందేమీ నాకు కనిపించలేదు.

ఎనభైల చివర్లో నాకు ముద్ద దిగడం మానేసింది. గంజి కూడా రొమ్ముల మధ్య ఆగిపోయేది. రాచపుండేమోనని ఇంట్లో అందరికీ భయమే, పైకి మాత్రం ఎవరూ అనలేదు. కోడలు నన్ను కాకినాడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. గొట్టం వేసి లోపల చూడాలి, రేపు పరగడుపున రండి, మంచినీళ్లు కూడా ముట్టొద్దు అన్నారు.

ముట్టలేదు. చుట్ట తిండీ కాదు, నీళ్లూ కాదు కదా. మర్నాడు కోడలు చీటీ కోసం వరసలో నిలబడితే, నేను ఆసుపత్రి వెనక పంపు దగ్గర ఒకటి ముట్టించాను. అక్కడ పొగ తాగరాదని గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉందట. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు.

లోపల డాక్టరు నల్లటి గొట్టం చూపించాడు.

“భయం లేదమ్మా. ఇందులో వెంట్రుకకన్నా సన్నటి గాజుపోగులున్నాయి. ఈ చివర దీపం పెడితే వెలుగు వంపులు తిరిగి మీ కడుపు దాకా వెళ్తుంది.”

“గాజంటే గుచ్చుకోదాండీ?” అంది కోడలు.

“వంగుతుంది, విరగదు.”

గొంతు మొద్దుబారడానికి మందు కొట్టి గొట్టం దించారు. డాక్టరు కన్ను పెట్టి చూసి ఆగిపోయాడు. పక్కనున్న కుర్ర డాక్టర్లను పిలిచి ఒక్కొక్కరికీ చూపించాడు. పెళ్లినాటి నుంచీ పరాయి మగవాడి ముందు నోరు తెరిచి నవ్వని దాన్ని. నా లోపలంతా వాళ్లు చూస్తున్నారు.

“ఇదంతా బూడిద! ఈవిడకి చుట్ట ఎవరిచ్చారు?”

నోట్లో గొట్టం. చెప్పలేను.

“ఆయ్, నేనేనండి,” అంది కోడలు. “నీరసంగా ఉందంటే నేనే ముట్టించిచ్చానండి.”

“బుద్ధుందా నీకు? నీళ్లే వద్దంటే నిప్పు పెడతావా?”

కుర్రాళ్లు నవ్వారు. కోడలు తల వంచుకుంది. గొట్టం తీయగానే నేనే కాల్చానని చెప్పబోయాను. మొద్దుబారిన నాలుక తిరగలేదు, చొంగ కారింది. వాళ్లు ఇంకా నవ్వారు. కోడలు తన కొంగుతో నా మూతి తుడిచింది.

పుండుంది గాని రాచపుండులా లేదని, ముక్క తీసి పరీక్షకు పంపామని డాక్టరు చెప్పాడు.

యానాం బస్సులో నోరు తిరిగింది.

“నువ్వెందుకే నీ మీదేసుకున్నావు?”

“మరేం చెయ్యమంటారత్తా? అంతమందిలో మీకు అక్షింతలు పడుతుంటే చూడమంటారా? నేనైతే రేపు వాళ్లకి కనపడను. మీరు మళ్లీ వెళ్లాలి.”

“నేను కాల్చానని నీకెలా తెలుసు?”

“చీటీ పట్టుకొచ్చేసరికే కంపు కొట్టారుగా. ఆసుపత్రికి గొట్టమెందుకు, నా ముక్కు చాల్దా?”

నవ్వబోయి, చేత్తో నోరు మూసుకున్నాను.

పరీక్షలో రాచపుండు కాదని తేలింది. చుట్టలన్నీ పొయ్యిలో వేశాను. ముద్ద మెల్లగా దిగసాగింది. కోడలు కంచం ముందు పెట్టినప్పుడల్లా మాత్రం, నా బదులు తను తిన్న తిట్లు గుర్తొచ్చి, మొదటి ముద్ద ఆమె వైపు చూడకుండానే మింగేదాన్ని.