ఆ గురువారం చావని మనిషి

మా పక్కింటి ముసలావిడ వాళ్ళమ్మ ప్రతి గురువారం చచ్చిపోయేదట. ఒకప్పుడు డెట్రాయిట్‌లో ఒక రేడియో స్టేషన్ వాళ్ళు ప్రైవేటు డిటెక్టివు నాటకాలు వేసేవారు. వాటిలో హత్యకు గురయ్యే ఆడమనిషి ఎప్పుడూ ఆవిడే. ఒక వారం తుపాకీ, ఒక వారం విషం, ఇంకో వారం మేడ మీంచి తోసేయడం. కేక బాగా పెడుతుందని ఆ వేషాలన్నీ ఆవిడకే ఇచ్చేవారు. చచ్చిపోయాక బస్సెక్కి ఇంటికొచ్చి, చల్లారిన సూపు తాగి పడుకునేది. ఎనభై దాటిన కూతురు ఈ సంగతులు చెత్తడబ్బా లోపలికి లాక్కుంటూ నాకు చెప్పింది.

ఆ నాటకాలంటే నాకు పిచ్చి అని తెలిసే చెప్పింది. డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ ఫోన్‌లో రోజూ ఒకటి వింటాను. నేను పనిచేసేది కార్ల కంపెనీలో. మీటింగుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నవ్వుతూ కూర్చోవాలి. నాటకంలో డిటెక్టివు మాత్రం ఎవరినీ లెక్కచేయడు. వానలో తడుస్తాడు, తన్నులు తింటాడు, అబద్ధం చెప్పేవాడి మొహం మీదే అబద్ధమని చెప్తాడు. ఆ అరగంటా నా తరఫున వాడు కోప్పడుతున్నట్టు ఉంటుంది.

"మా అమ్మ చావని నాటకం ఒక్కటుంది. వింటారా?" అని ఒక బుధవారం ఆవిడ కేసెట్టు తెచ్చింది. నా పాత కారులో కేసెట్టు పెట్టుకునే వీలుందని ఆవిడకు తెలుసు. ఎప్పుడో రికార్డు ప్లేటు మీంచి ఎక్కించుకున్నారట. ప్లేటు పగిలిపోయింది. ఆ నాటకం ఇంకెక్కడా లేదు, ఆవిడ మనవలు ఎంత వెతికినా దొరకలేదు. "ఆదివారం సాయంత్రానికి ఇచ్చేస్తాను" అన్నాను.

గురువారం విన్నాను, శుక్రవారం మళ్ళీ విన్నాను. ఆ నాటకంలో ఆవిడ డిటెక్టివు ఆఫీసుకొచ్చి, తప్పిపోయిన చెల్లెల్ని వెతకమని అడుగుతుంది. మధ్యలో చిన్నగా, గొంతులోనే నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే రెండోసారి విన్నాను. చివర్లో ఆవిడ తలుపేసుకుని తనంతట తాను నడిచి వెళ్ళిపోతుంది. మడమల చప్పుడు దూరమవుతూ దూరమవుతూ ఆగిపోతుంది.

శనివారం వంట చేస్తూ ఇంకోసారి విందామని నాన్న టేప్‌రికార్డరులో పెట్టాను. విన్నాక తియ్యడం మర్చిపోయాను. ఈ కథలో నా తప్పు అది. దాన్నేమీ దాచుకోను.

నాన్న రిటైరైన టీచరు. ఆరు నెలలు ఉండి వెళ్దామని మా దగ్గరకొచ్చారు. బట్టలకంటే ముందు ఆ టేప్‌రికార్డరుని సర్దుకున్నారట. ఊళ్ళో నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం చర్చిలో పాస్టరు చెప్పే వాక్యం రికార్డు చేసి, వారమంతా వినడం ఆయన అలవాటు. ఇక్కడి తెలుగు చర్చిలోనూ అదే పని. తెచ్చుకున్న కేసెట్లు అయిపోయాయి. అమెరికాలో కేసెట్లమ్మే షాపు దొరక్క నెల రోజులుగా సణుగుతున్నారు.

కేసెట్టు వెనక అంచున రెండు మూలలా రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటిని విరిచేస్తే దాని మీద ఇంకేదీ ఎక్కదు. విరిచినవాళ్ళు 'దీన్ని ముట్టుకోవద్దు' అని చెప్పినట్టే. కానీ మన దేశంలో ఆ కన్నాల్లో కాగితం కుక్కి మళ్ళీ రికార్డు చేయడం ప్రతి ఇంట్లోనూ తెలిసిన విద్య. సినిమా పాటల మీద పెళ్ళి మంత్రాలు, పెళ్ళి మంత్రాల మీద క్రికెట్ కామెంటరీ ఎక్కించిన జాతి మనది.

ఆదివారం సాయంత్రం కేసెట్టు బయటికి తీశాను. రెండు కన్నాల్లోనూ చర్చి పాంప్లెట్ ముక్కలు ఉండలు చుట్టి కుక్కి ఉన్నాయి. మళ్ళీ పెట్టి నొక్కాను. "ప్రియమైన దేవుని బిడ్డలారా" అన్నారు మా పాస్టరుగారు. రెండో పక్క తిప్పాను. అక్కడా ఆయనే. పొద్దున్న ఆ కేసెట్టు తిరుగుతున్నంతసేపూ నేను చర్చిలో మూడో వరుసలో కూర్చుని పాటల పుస్తకం తిరగేస్తున్నాను.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాన్నా, ఇదేం పని?"

"ఏవిటమ్మా? ఎవరిదో పాత కేసెట్టు గదా."

"అందులో ఏముందో విన్నారా?"

"నిన్న విన్నాగా. తుపాకులు పేలుతున్నాయి, ఎవరో ఆవిడ నవ్వుతోంది. అలాంటిదాని మీద వాక్యం ఎక్కితే నష్టమేంటి తల్లీ?"

నష్టమేంటో చెప్పాను. గొంతు పగిలేలా అరిచి చెప్పాను. అన్ని నాటకాల్లో చచ్చి ఒక్కదాంట్లో బతికి బయటపడ్డ మనిషిని మీరివాళ మూడో వరుస ముందు పెట్టి చంపేశారని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సరే, అయిందేదో అయింది. కారు మిషన్లో నలిగిపోయిందని చెప్పెయ్. ఆవిడకి మాత్రం ఏం తెలుస్తుంది?"

చిన్నప్పుడు ఆదివారంబడిలో అబద్ధం చెప్పానని నాచేత గోడకుర్చీ వేయించిన మనిషి ఈ మాట అన్నారు. కేసెట్టు తీసుకుని పక్కింటికి వెళ్ళాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కేసెట్టు తీసుకుని, ఒక కన్నంలోంచి కాగితం ఉండని గోటితో లాగింది. విప్పి చూసింది. అందులో తెలుగు అక్షరాలున్నాయి.

"ఈ రెక్కల్ని నా చేతులతో విరిచాను. దానర్థం మీ నాన్నకి తెలీదా?"

"తెలీదు. ఆయన పెద్దాయన. మా దగ్గర ఇవన్నీ ఎవరూ పట్టించుకోరు" అన్నాను.

ఎందుకన్నానో! అక్కడిదాకా నిజమే చెప్పి, ఆయన దగ్గరికొచ్చేసరికి దేశాన్నే అడ్డుపెట్టాను. ఆవిడ ఆ కాగితాన్ని నా చేతిలో పెట్టింది. "నవ్వు కూడా పోయిందా?" అని అడిగింది. పోయిందన్నాను. తలుపు వేసుకుంది.

ఇంటికొస్తూనే ఆయన గదిలోకెళ్ళి టేప్‌రికార్డరు తీసేశాను. మీకేమీ తెలీదని ఆవిడకి అబద్ధం చెప్పొచ్చానని, ఇక ఈ ఇంట్లో రికార్డింగు లేదని అన్నాను. కేసెట్ల సంచీ కూడా తీసుకుని మంచం మీద బోర్లించాను. అన్నిటి మీదా తేదీలు, వాక్యభాగాలు ఆయన గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. ఒక్కటి మాత్రం ప్లాస్టిక్ కవరులో, రబ్బరు బ్యాండు కట్టి ఉంది. దాని మీద 'మీ అమ్మ పాటలు' అని రాసి ఉంది.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. చర్చి క్వయర్‌లో పాడేది. అలాంటి కేసెట్టు ఒకటుందని ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. నేను ఫోన్‌లో అమ్మ పాత మెసేజీలు వెతుక్కుని ఏడ్చిన రోజుల్లో కూడా చెప్పలేదు. వెనక్కి తిప్పి చూశాను. రెండు రెక్కలూ శుభ్రంగా విరిచి ఉన్నాయి. కన్నాల్లో కాగితం లేదు.

కేసెట్లు అయిపోయాయని నెల రోజులు సణిగిన మనిషి దీని జోలికి పోలేదు.

"దీని మీద వాక్యం ఎందుకు ఎక్కించలేదు నాన్నా?"

ఆయన మంచం అంచున కూర్చున్నారు. "అది మీ అమ్మ గొంతు."

"అది వాళ్ళమ్మ గొంతు."

ఆయన లేచి చర్చికి వేసుకునే కోటు వేసుకున్నారు. అమ్మ కేసెట్టు చేత్తో పట్టుకుని పక్కింటికి బయల్దేరారు. నేను వెనకాల వెళ్ళాను. దారి చూపించడానికి కాదు. ఏం చెప్తారో వినడానికి వెళ్ళాను.

ఆవిడ తలుపు తీసింది. నాన్న ఇంగ్లీషు ఎప్పుడూ పుస్తకంలోంచి చదివినట్టు ఉంటుంది.

"మేడమ్, మై డాటర్ టోల్డ్ ఐ డిడ్ నాట్ నో. ఐ న్యూ. ఐ క్లోజ్డ్ ద హోల్స్."

ఆవిడ చూపు ఆయన చేతిలోకి పోయింది. అదేమిటని అడిగింది.

"మై వైఫ్. సాంగ్స్."

"రెక్కలు విరిచారా?"

"యెస్, మేడమ్."

ఆవిడ క్షమించానని అనలేదు, పరవాలేదని కూడా అనలేదు. ఆ పిచ్చి మాటలేవీ అననందుకు నేనైతే ఆవిడకి దణ్ణం పెట్టాలి.

"అయితే దాన్ని మీ దగ్గర ఉంచుకోకండి. మీ అమ్మాయికి ఇచ్చెయ్యండి. ఇవాళే" అంది. తలుపు వేసుకుంది.

డ్రైవ్‌వే మధ్యలో నాన్న ఆగారు. కేసెట్టు నా వైపు చాపారు. ఇంకో రోజైతే ఆ చెయ్యి పట్టుకునేదాన్ని. కేసెట్టు మాత్రం తీసుకున్నాను. ఇంట్లోకి వచ్చి, ఆయన చూస్తుండగానే బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.