విప్పిన చీర మడవరాదు

ఆ రోజుల్లో కదలని వెబ్‌సైటు వెబ్‌సైటే కాదని నా గట్టి నమ్మకం. పేజీ తెరిస్తే అక్షరాలు ఎగురుకుంటూ రావాలి, బొమ్మలు గిరగిరా తిరగాలి, చూసేవాడికి కళ్ళు తిరగాలి. (నాకైతే తిరిగేవి. అదే ప్రతిభ అనుకునేవాణ్ణి.) వనపర్తిలో మూడు నెలలు యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, నా అంతటివాడు లేడన్న ధీమాతో ఇంటికొచ్చాను. మా నాయన మాత్రం వేరుశనగ చేను వైపు చెయ్యి చూపించి, "మీ మామ చీరల దుకాణానికి కంప్యూటర్ల ఏదో చేసిస్తనంటివి గద. ఆయనకు నచ్చితే నీ ఇష్టం. నచ్చకపోతె తెల్లారి నుంచే కలుపు తీద్దువు రా," అన్నాడు. కలుపు అన్న మాట వింటేనే నాకు నడుం పట్టేసేది.

మామది గద్వాల. వెనక మగ్గాలు, ముందు గదిలో దుకాణం. ఆయన వెబ్‌సైటు కోసం వారం రోజులు కూర్చుని ఒకే ఒక్క చీరను తెర మీద కదిలించాను. మడతలో ఉన్న చీర దానంతటదే విచ్చుకుంటుంది, జరీ అంచు మెరుస్తుంది, కొంగు పరుచుకుంటుంది, మళ్ళీ చక్కగా మడత పడుతుంది, మళ్ళీ విచ్చుకుంటుంది. చూపించే రోజు మామ, అత్త, నాయన కంప్యూటర్ ముందు కూర్చున్నారు. చీర విచ్చుకోగానే మామ మొహం వెలిగింది. మడత పడగానే మాడిపోయింది.

"మడుస్తున్నవేంది అల్లుడా?"

"మళ్ల విచ్చుకుంటది మామా. గట్ల తిరుగుతనే ఉంటది."

"గిరాకీ ఎదురుంగ కూసోనుంటె చీర మడుస్తరా ఎవరన్న? చూసింది చాలు, లేచి పో అన్నట్టు గద. మా నాయన కాలం నుంచి గిరాకీ గడప దాటెదాక మడత పెట్టలే మేము."

మూడు నెలల కోర్సులో ఈ పాఠం లేదు. నాయన ఒళ్ళో ఉన్న రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు, అంటే చేనికి పోదాం పద అని. గబగబా మడత పడే భాగం తీసేసి, ఒక చీర మీద ఇంకో చీర విచ్చుకునేలా మార్చాను. (ఎక్కడ ఆగాలో చెప్పడం మాత్రం మరిచాను.) ఎర్రది, పచ్చది, నెమలికంఠం రంగుది, చీరలు పేరుకుంటూనే పోయాయి. దుకాణం పేరు మునిగింది, ఫోన్ నంబరు మునిగింది. నేను చెమటలు తుడుచుకుంటుంటే మామ కుర్చీలో వెనక్కి వాలి, "ఇప్పుడు అచ్చం మన దుకాణం తీర్గ ఉన్నది," అన్నాడు. నాయన రుమాలు మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు అత్త నెమ్మదిగా అడిగింది. "మరి ఇవన్ని మడత పెట్టేది ఎవరు?"

మగవాళ్ళం ముగ్గురం తెర వైపే మహా శ్రద్ధగా చూడసాగాం.

ఆ పనితోనే నేను కంప్యూటర్ల మనిషినయ్యాను. ఆ సాఫ్ట్‌వేర్ పోయింది, ఆ చీరల బొమ్మ ఇప్పుడు ఏ ఫోన్‌లోనూ తెరుచుకోదు. ఆ రోజు మాత్రం అత్త కోసం ఒక బటన్ పెట్టాను, నొక్కితే చీరలన్నీ ఒక్కసారే మడత పడతాయి. అత్త నొక్కి చూసి, నవ్వి, పొద్దుటి గిరాకీ వదిలిపోయిన అసలు చీరల కుప్ప దగ్గరికి వెళ్ళి కూర్చుంది. లేచి ఒక చీర కొస పట్టుకుందామని, బటన్ పెట్టిన ఈ మేధావికి తోచనే లేదు.