వయసు చూసుకుని పూసే మొక్క

మా చిన్నాయన పోయాడు. చిక్కబళ్ళాపురం మండీలో చేమంతి వేలం జోరుగా సాగుతున్నప్పుడు అక్క ఫోన్ చేసింది. అక్క అంటే ఆయన ఒక్కగానొక్క కూతురు. "నాయన మోటారు కాడ పడిపోయినాడురా. ఇంగ లేడు" అంది. నా చేతిలో ఎవరిదో పూలబుట్ట ఉంది. దాన్ని ఎవరికి అందించి బస్సెక్కానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఆయన పోతాడని ఎవరూ అనుకోలేదు. అందరం చిన్నమ్మ గురించే భయపడుతూ ఉన్నాం. ఆమెకు క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది, ఇంటికి తీసుకుపొమ్మని పెద్ద డాక్టర్లు చెప్పేశారు. చావు చూడ్డానికి వచ్చినవాళ్ళు, పోవాల్సింది ఒకరైతే పోయింది ఒకరని గొణుక్కున్నారు. ఆమెకు వినపడేలాగే గొణుక్కున్నారు. మా బంధువుల గొణుగుడు ఎప్పుడూ అంతే.

బాగేపల్లి నుంచి చాకవేలు పోయే దారిలో చిన్నాయనకు చేమంతి తోట ఉండేది. నేను పూల మండీలో నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆయన చలవే. పువ్వును అరచేతిలో బోర్లించి చూడమనేవాడు. "మొగం అందరిదీ బాగానే ఉంటాదిరా. ఎనక తట్టు చూడు, పచ్చగా ఉంటే తాజాది" అనేవాడు. మనుషుల విషయంలో కూడా నాకు ఆ మాట చాలాసార్లు పనికొచ్చింది.

చేమంతికి రాత్రి పొడుగైతే మొగ్గ పడుతుంది. పండగ దాకా దాన్ని ఆపాలంటే పొద్దుగుంకగానే తోటంతా బల్బులు వెలిగించాలి. మొక్క ఇంకా పగలే అనుకుని పూయడం మరిచి ఆకులు వేస్తుంది. కొన గిల్లితే పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. ఎప్పుడు గిల్లాలో, ఏ పండక్కి ఎప్పుడు దీపం ఆర్పాలో చిన్నాయనకు తెలిసినంతగా మా చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. "పూయమంటే పూస్తాది, ఉండమంటే ఉంటాది. నా పెండ్లాం కంటే బాగా మాట వింటాది" అని చిన్నమ్మ ముందే అనేవాడు. ఆమె వంటింట్లోంచి, "అయితే సంగటి గూడా దాన్నే గెలకమను" అనేది.

ఆ మనిషే మంచాన పడి మూలిగేది. నొప్పి మందుకు బెంగళూరు పోవాలి, ఒకసారి దొరికితే ఒకసారి దొరకదు. తెచ్చింది అయిపోయిన రోజుల్లో ఆమె దిండు కొరుక్కునేది. అప్పుడే బెంగళూరు పూల మార్కెట్‌లో పాత పరిచయస్థుడొకడు చిన్నాయనకు గంజాయి విత్తనాలు ఇచ్చాడు. పొట్టి రకమట. ఇంట్లో కుండీలో పెంచుకోవచ్చు, ఎవరి కంటా పడదు, రాత్రి పొడుగుతో పని లేకుండా దాని వయసుకు అదే పూస్తుందని చెప్పాడట. ఆ చివరి మాట చిన్నాయన చెవికెక్కలేదు.

నేను భయపడ్డాను. "పట్టుకుంటే జామీను గూడా దొరకదు చిన్నాయనా" అన్నాను.

"అది ఎట్లా మూలుగుతాండాదో ఒక దినం ఈడుండి విను. ఆనెంక చెప్పు నీ జామీను సంగతి" అన్నాడు.

ఒక పూట కూడా ఉండలేకపోయాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మేడ మీద నీళ్ళ తొట్టి వెనక, టమోటా క్రేట్లు అడ్డం పేర్చి కుండీలు పెట్టాడు. పైన బల్బు వేలాడదీశాడు. కొనలు గిల్లాడు. మొక్కను ఆపి, బాగా గుబురయ్యాక పూయిద్దామని లెక్క. చేమంతి రైతు లెక్క! నిండుగా వెలుగుతున్న ఆ బల్బు కిందే, జానెడు ఎత్తుకే అవి పూసేశాయి. గిల్లిన చోట కోలుకునే తీరిక కూడా వాటికి లేకపోయింది. నేను వెళ్ళేసరికి వాటి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. "దీనికి దీపం కనపడదురా. దాని వయసు దానికి తెలుసు. ఆపేదానికి మనమెవరు" అన్నాడు.

వచ్చింది పిడికెడు. దాన్ని నేతిలో కలిపి పెట్టాడు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "నిద్ర పోతాండాదప్పా" అని గుసగుసగా చెప్పాడు. దానివల్లే నిద్ర పట్టిందో, అలసిపోయి పట్టిందో నాకు తెలియదు. ఆయన గొంతులో అంత సంతోషం మాత్రం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. తర్వాత పిడికెడూ అయిపోయింది. మూలుగు మళ్ళీ మొదలైంది.

రెండోసారి విత్తినప్పుడు దీపం పెట్టలేదు, కొన గిల్లలేదు. "చెయ్యి పెట్టకుండా ఊరికే చూస్తా ఉండేది నాకి చేతకాదు. ఇప్పుడు నేర్చుకుంటాండా" అన్నాడు. మొక్కలు మోకాలెత్తు దాటాయి. చిన్నమ్మ పొద్దున్నే "ఎంతకొచ్చింది?" అని అడిగేది. "ఇంగ కొన్నాళ్ళు. ఓర్చుకో" అనేవాడు. ఆమె ఓర్చుకుంది. ఆయనే ఉండలేకపోయాడు.

మోటారు దగ్గర పడ్డాడు కాబట్టి కరెంటు కొట్టిందేమో చూడ్డానికి పోలీసులొస్తారని చావింట్లో ఎవరో అన్నారు. అక్క ముఖం పాలిపోయింది. ఏడుపు ఆపుకుని మేడెక్కింది. కాసేపటికి మొక్కలు పీకి కుక్కిన గోనెసంచి వీపున వేసుకుని దిగి, పెరటి దిబ్బలో గుంత తీసి పూడ్చేసింది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. ఆమెను తప్పు పట్టలేను. పిల్లల తల్లి. పోలీసులు రాలేదు. గుండె ఆగిందని ఊరి డాక్టరే చెప్పి వెళ్ళిపోయాడు.

నాకు ఇందులో ఓదార్పు ఏమీ కనిపించడం లేదు. మంచి మనిషి, ఎంతో ప్రయత్నించాడు, ఏమీ మిగల్లేదు. మళ్ళీ విత్తేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

శవాన్ని ఎత్తేముందు, కడసారి మొగం చూపిద్దామని అక్క వాళ్ళమ్మను లేవనెత్తబోయింది. చిన్నమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. ఆ మొక్కల జిగురు వాసన సబ్బుకు పోదు.

"పూసిండాది కదమ్మా" అంది.

బయట పాడె లేచింది, ఆడవాళ్ళ ఏడుపు ఒక్కసారిగా పెరిగింది. చిన్నమ్మ వాకిలి వైపు తిరగలేదు. కూతురి అరచేతిని ముక్కుకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి పీలుస్తూనే ఉంది.