పూజ చేస్తేనే కదిలే టిల్లరు

మా నాయనకు భక్తి ఎక్కువ, ఓపిక తక్కువ. ఆ రెండూ కలిసి మా టిల్లరు మీద పడ్డాయి. తొంభైల చివర్లో, ఎవరో వాడి వాడి విసిగిపోయిన ఆ డీజిల్ బండిని ఆయన కొని తెచ్చాడు. మల్బరీ సాళ్ల మధ్య దున్నేది అదే, వెనక తొట్టి తగిలిస్తే ఆకు మోసేదీ అదే. పెనుకొండకూ హిందూపురానికీ మధ్య అంత ముసలి బండి ఇంకొకటి ఉండేది కాదేమో. నాయన మాత్రం దాన్ని కొత్త పెళ్లికూతురిని చేశాడు. ప్రతి శుక్రవారం కడిగి, ట్యాంకు మూతతో సహా పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఊదొత్తులు వెలిగించేవాడు. కూరలోకి పసుపు లేని రోజులున్నాయి గానీ బండికి తక్కువైన రోజు లేదు.

ఒక ఎండాకాలం ఆ బండికి రోగం పట్టుకుంది. బాగానే బయలుదేరుతుంది, కొంత దూరం పోయాక దగ్గుతుంది, ఆగిపోతుంది. ట్యాంకులో డీజిల్ ఉంటుంది, ఇంజనుకు చుక్క అందదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. హిందూపురం మెకానిక్ ఫిల్టరు మార్చాడు. పెనుకొండ మెకానిక్ పైపులు విప్పి, ఊది, బిగించి, "ఈడ బాగానే నడుస్తాండాదే" అన్నాడు. వాళ్ల ముందు అది ఎప్పుడూ బుద్ధిగానే నడిచేది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా చిన్నాయన జన్మలో ఇంజను ముట్టినవాడు కాదు. అయినా "యాడో పోగు చిక్కుపడుంటాది, నిదానంగా చూడబ్బా" అని సలహా పారేశాడు.

చివరికి నాయనే మందు కనిపెట్టాడు. బండి ఆగగానే నిమ్మకాయతో దిష్టి తీసి, చక్రం కింద పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టేవాడు. తర్వాత మూత తీసి డీజిల్ ఉందో లేదో చూసి, మళ్లీ బిగించి, హ్యాండిల్ తిప్పేవాడు. బండి స్టార్టయ్యేది! ప్రతిసారీ! ఆ సంతోషంలో ఇల్లు చేరాక దానికి ఇంకో పొర పసుపు పూసేవాడు. ఊళ్లో ఈ మహిమ గురించి నోరెండేదాకా చెప్పుకున్నాడు.

అమ్మకు ఈ మహిమలేవీ పట్టలేదు. ఆమె లోకం పట్టుపురుగులు. ముందటి పంటకు రోగమొచ్చి మొత్తం పారబోశాం. "ఈ పంట గూడా పోతే మల్బరీ పెరికేసి శెనక్కాయ వేస్తా" అని నాయన తేల్చేశాడు. మా ఇంట్లో అమ్మది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ పురుగుల ఇల్లు ఒక్కటే. అందుకే ఆ నెలంతా ఆమె తిన్నదీ లేదు, మమ్మల్ని సరిగా తిననిచ్చిందీ లేదు.

పురుగులు నాలుగో జ్వరం లేచాయి. అంటే ఆఖరి పొర విడిచి, గూడు కట్టేముందు ఆగకుండా తినే రోజులు. సరిగ్గా అప్పుడే మా తోటలో ఆకు అయిపోయింది. పరిగి దగ్గర ఒక తోటలో ఆకు కోయించి, తొట్టి నింపుకుని, నాయనా అమ్మా నేనూ ఇంటిదారి పట్టాం. బండి దారి పొడుగునా ఆగుతూ, పూజలందుకుంటూ వచ్చింది. ఎండ నెత్తికెక్కింది, ఆకు వాడుతోంది. ఇంకోసారి ఆగేసరికి నిమ్మకాయలు అయిపోయాయి. నాయన దిగి పక్క ఊరి వైపు నడక మొదలుపెట్టాడు.

"యాడికి పోతాండావు?" అని అరిచింది అమ్మ.

"నిమ్మకాయ తెస్తా ఉండు."

"ఆడ పురుగులు ఆకలికి చస్తాంటే నీకు నిమ్మకాయ కావాల్నా?"

కోపంతో వెళ్లి తనే ట్యాంకు మూత తిప్పింది. బుస్సుమని ట్యాంకు లోపలికి గాలి పీల్చుకుంది. అమ్మ ఒక్క క్షణం దాన్నే చూసి, నాయనను వెనక్కి పిలిచింది.

"దీనికి ఊపిరాడలేదప్పా. మూత పెట్టొద్దు. నడుపు."

"దుమ్ము పడతాది గదే!"

అమ్మ తల మీది పలచని గుడ్డ తీసి ట్యాంకు నోటికి కట్టింది. "దండమన్నా పెట్టుకోనీ" అన్నాడు నాయన. దానికి అమ్మ ఏమందో రాయడానికి నాకు ధైర్యం లేదు. ఆకు మీద కూర్చుని నేను ఆ మూతను పిన్నీసుతో గీకాను. డీజిల్ కిందికి దిగాలంటే ట్యాంకు లోపలికి గాలి పోవాలి, అందుకు మూతకు చిన్న రంధ్రం ఉంటుంది. శుక్రవారాల పసుపంతా అందులో గట్టిపడి కూర్చుంది. ఇల్లు చేరేదాకా బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. నాకు నవ్వు ఆగలేదు.

పురుగుల ఇంట్లోకి పోయాక ఆ నవ్వు ఆగింది. ఆకు వెతుక్కుంటూ తట్టల అంచులు దాటిన పురుగులు కింద పడ్డాయి, వాటికి చీమలు పట్టాయి. మిగిలినవి తలలెత్తి ఊగుతున్నాయి. అమ్మ రెండు చేతులా ఆకు పరిచింది. కాసేపటికి వాన చినుకుల్లా మేత చప్పుడు మొదలైంది. పంట నిలుస్తుందని అప్పుడు తెలిసింది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ ఘడియలో నాకు అమ్మ మీద పట్టలేనంత ప్రేమ కలిగింది.

గుమ్మంలో నిలబడ్డ నాయన గొంతు సవరించుకున్నాడు. "ఆ యమ్మవారే నీకు బుద్ధి పుట్టించింది."

"సరే. కింద పడినవాటిని గూడా ఆ యమ్మనే లేపమను."

నాయన నేల మీద గొంతుక్కూర్చుని, ఒక్కో పురుగునూ అరచేతిలోకి తీసుకుని చీమల్ని ఊదడం మొదలుపెట్టాడు.

"అవి బతకవులే, వదిలెయ్" అంది అమ్మ, ఈసారి మెల్లగా.

ఆయన వదల్లేదు. చీకటి పడేదాకా ఊదుతూనే ఉన్నాడు.