మా బావ గది లెక్క

మా బావని పిల్లలు గడుల మాస్టారు అంటారు. ఇంజనీరింగ్ కాలేజీలో గాలీ నీళ్ళూ ఎటు ఎలా పారతాయో కంప్యూటర్ మీద లెక్కగట్టడం నేర్పుతాడు. ఎవరు ఏ సందేహం అడిగినా ముందు "గడులు సరిగ్గా గీశావా?" అంటాడు, అందుకని ఆ పేరు. ఆ ల్యాబులో కంప్యూటర్లు బాగుచేసేది నేనే. కాబట్టి నాకు ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ పాఠం చెవిన పడుతూనే ఉంటుంది.

పాఠం మరీ బ్రహ్మవిద్యేం కాదు. గదిలో గాలినంతా ఒక్కసారి లెక్కగట్టలేం గనక దాన్ని చిన్న చిన్న గడులుగా కోస్తారు. ప్రతి గడీ పక్క గడిని అడిగి తన గాలి ఎటు పోతోందో తేల్చుకుంటుంది. అంకెలు మారడం మానేసేదాకా లెక్క అలా తిరుగుతూనే ఉంటుంది. హద్దులు మాత్రం మనమే చెప్పాలి: ఇది గోడ, ఇది కిటికీ, ఇది గాలిని బయటికి లాగే ఫ్యాను అని. "కంప్యూటర్ వట్టి వెర్రిబాగులది. గోడ అని చెప్తే గోడే అనుకుంటుంది. రంగుల బొమ్మ వచ్చింది కదా అని చంకలు గుద్దుకోకండి" అంటాడు బావ. ఆ మాట కూడా రైళ్ళ వేళలు చదివినట్టే అంటాడు.

ఇదివరకు ఇలా ఉండేవాడు కాదు. మా అక్క పోయినప్పటినుంచీ ఇంతే.

అక్కకి ఊపిరితిత్తుల జబ్బు. గదిలో గాలి బాగా ఆడాలన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాట పట్టుకుని బావ గదంతా టేపుతో కొలిచి, కంప్యూటర్లోకి ఎక్కించి, తలుపు దగ్గరున్న మంచాన్ని కిటికీ కిందికి జరిపించాడు. మంచానికి రెండో కొస పట్టింది నేనే. "మీ బావ చివరికి నన్ను కూడా గడుల్లో పెట్టేశాడ్రా" అని అక్క నవ్వింది. చలికాలం దాటకుండానే పోయింది.

బావ ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాడు. కొద్దిరోజులకే ల్యాబుకొచ్చి హాజరు పిలిచాడు. చీమ కుట్టినట్టయినా లేదే ఈ మనిషికి అని నా కడుపు మండిపోయింది. అంతటితో ఆగాడా? ఆ గదినే పిల్లలకి లెక్కగా ఇవ్వడం మొదలుపెట్టాడు. మంచం ఎక్కడ వేస్తే రోగికి మంచి గాలి అందుతుంది? ఏటా అదే ప్రశ్న, అందరిదీ అదే జవాబు: కిటికీ కింద. బావ టిక్కు పెట్టి పంపేస్తాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"ఎందుకు బావా ఇంకా ఆ గది?"

"ఎవరైనా వేరే జవాబు తెస్తారేమోనని."

"తెస్తే?"

"తెలుస్తుంది కదా, తప్పు చేశానో లేదో."

ఈ ఏడు ఒకమ్మాయి తెచ్చింది. క్లాసుకి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే పిల్ల. నేను పక్క బల్ల కింద వైరు మారుస్తున్నాను.

"సార్, నాది ఎవరితోనూ కలవట్లేదు. మంచం తలుపు దగ్గరే ఉండాలని వస్తోంది."

"గడులు సరిగ్గా గీశావా?"

"గీశాను సార్. ఇంకా సన్నగా గీసి కూడా చూశాను. అదే వస్తోంది."

"హద్దులు?"

"అందరూ తలుపుని గోడ కింద లెక్కేశారు. నేను తీసి ఉంచాను. రోగి ఉన్న గదికి తలుపెవరు మూస్తారు సార్? మా నాయనమ్మ మంచాన పడ్డన్నాళ్ళూ మేం మూయనేలేదు."

బావ తెర వైపు వంగాడు. నేనూ లేచి చూశాను. గాలిని బయటికి లాగే ఫ్యాను తలుపు పక్క గోడకే ఉంది. తలుపు తీసేసరికి అది గాలంతా అక్కణ్ణుంచే లాగేసుకుంటోంది, కిటికీ జోలికే పోవడం లేదు. కిటికీ కింద గాలి దాదాపు కదలడం లేదు. అక్కడంతా ముదురు నీలం.

"సరిగ్గా చేశావమ్మా" అన్నాడు బావ. పూర్తి మార్కులు వేశాడు. గొంతులో ఏ తేడా లేదు. నేనే వైరు తీసుకెళ్ళి తప్పు చోట గుచ్చాను.

పిల్లలు వెళ్ళిపోయాక కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆపుతూ, నేను అడక్కుండానే చెప్పాడు.

"తలుపు మూస్తే ఊరుకునేది కాదు మీ అక్క. నేను వంటింట్లో ఉంటే కనపడాలనేది. నాకు తెలుసు. తెలిసీ గోడ అని పెట్టాను."

"ఎందుకు బావా?"

"తలుపు తీస్తే అవతల వంటిల్లు కూడా గీయాలి. లెక్క పెద్దదైపోతుంది."

"మంచం ఎక్కడున్నా పెద్ద తేడా ఉండేది కాదని అక్క పోయాక డాక్టరే అన్నాడుగా."

"అది వేరే లెక్క" అన్నాడు.

ఇన్నాళ్ళూ రాయి అనుకున్నాను ఈ మనిషిని. నా మీద నాకే సిగ్గేసింది. పక్కనే నిలబడ్డాను గానీ భుజం మీద చెయ్యి వెయ్యలేకపోయాను.

తరవాతి బ్యాచికి బావ లెక్క మార్చాడు. బోర్డు మీద గది గీశాడు, దాని పక్కన వంటిల్లు గీశాడు. కింద రాశాడు: తలుపు తీసే ఉంటుంది, రోగి మూయనివ్వదు.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు బెంచీ కుర్రాడు లేచాడు.

"వంటిల్లెందుకు సార్? లెక్క పెద్దదైపోతుంది కదా."

"అవనీ" అన్నాడు బావ, బోర్డు వైపు నుంచి తిరగకుండానే. "ఆవిడ చూసేది అటే."